ఓటరుకు సిద్ధాంతం లేదా?

ఎన్నికల ఫలితాలొచ్చిన మర్నాడు టీవీ చర్చల్లో ఒక మాట తప్పకుండా వినబడుతుంది: "మన ఓటరుకు సిద్ధాంతమేముందండీ? కులం చూస్తాడు, నోటు చూస్తాడు." ఓడిన పార్టీవాళ్లు ఇదే మాట కాస్త గట్టిగా అంటారు. కులం, డబ్బు పనిచేయవని నేననను. కానీ మంచీచెడ్డల విషయంలో మన ఓటరుకు గట్టి పట్టింపులే ఉన్నాయి. కుడి, ఎడమ అనే రెండు అరల్లో అవి ఇమడకపోతే తప్పు అరలది.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జొనాథన్ హైట్ 1993లో పరిశోధన కోసం భువనేశ్వర్ వచ్చారు. ఎవరింట భోజనానికి కూర్చున్నా ఆడవాళ్లు వడ్డించి, మాట కలపకుండా లోపలికి వెళ్లిపోయేవారు. ఉదారవాద భావాలున్న ఆయనకు మొదట ఇది మింగుడుపడలేదు. చనువు పెరిగాక, పెద్దల మాట, ఇంటి మర్యాద, మడీ మైలా కూడా ఆ ఇళ్లలో నీతి కిందికే వస్తాయని అర్థమైంది. ఆయనా సహచరులూ 2009లో ప్రచురించిన పరిశోధన సారాంశం ఇదీ: ఉదారవాదులు ముఖ్యంగా ఎవరికి హాని జరిగింది, ఎవరికి అన్యాయం జరిగింది అని చూస్తారు. సంప్రదాయవాదులు వాటితోపాటు మనవాళ్లన్న కట్టుబాటుకూ, పెద్దరికానికీ, పవిత్రతకూ దాదాపు సమానంగా విలువిస్తారు. ముందు మనసు తీర్పు చెప్పేస్తుందనీ, కారణాలు బుద్ధి తర్వాత వెతుక్కుంటుందనీ హైట్ వాదన.

ఈ లెక్కలో మన దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం ఎటు వస్తుంది? 1992లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు సారా కొట్లు మూయించారు. పాకెట్లు వీధిలో పారబోశారు, వేలం పాటలు సాగనివ్వలేదు. తాగొచ్చి కొట్టే మొగుడు, పస్తు పడుకునే పిల్లలు: అది హాని. కూలి డబ్బుతో బలిసే కాంట్రాక్టరు: అది అన్యాయం. తాగుడుతో ఊరి మర్యాద మంటగలిసిందన్న బాధ కూడా అందులో ఉంది. అందుకే ఎర్రజెండా మహిళా సంఘాలూ గాంధేయవాదులూ ఒకే వైపు నిలబడ్డారు. అది కుడా ఎడమా అని అడిగితే జవాబు లేదు.

ప్రదీప్ ఛిబ్బర్, రాహుల్ వర్మ 2018లో రాసిన పుస్తకం ఇక్కడ పనికొస్తుంది. భారత ఓటరుకు సిద్ధాంతం ఉందనీ, అది రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుందనీ వాళ్లంటారు. జనం ఎలా బతకాలో ప్రభుత్వం చెప్పవచ్చా? వెనకబడిన వర్గాలకు ప్రత్యేక గుర్తింపు ఇవ్వాలా? సారా ఉద్యమం మొదటి ప్రశ్నకు సూటిగా జవాబిచ్చింది: మా ఇంటి గొడవలోకి ప్రభుత్వం రావాల్సిందే.

ఆ జవాబు ఎన్టీఆర్‌కు వినబడింది. వారుణి వాహిని పేరుతో సారా పాకెట్లు అమ్మించింది ఒకప్పుడు ఆయన ప్రభుత్వమే. అదే నాయకుడు 1994 ఎన్నికల్లో మద్యనిషేధం హామీతో గెలిచి, డిసెంబరులో ప్రమాణ స్వీకారం రోజునే సంతకం పెట్టారు. అయితే ఆయన తర్వాత ముఖ్యమంత్రి అయిన చంద్రబాబు 1997లో నిషేధం ఎత్తేశారు. ఖజానా లోటు, దొంగ రవాణా కారణాలుగా చెప్పారు. 1999లో జనం ఆయన్నే మళ్లీ గెలిపించారు. నీతి పట్టింపు ఓటరును వీధిలోకి తెస్తుంది. పోలింగ్ బూత్‌లో అదొక్కటే తీర్పు చెప్పదు.

పాతికేళ్లకు కథ తిరగబడింది. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ దశలవారీ నిషేధం హామీ ఇచ్చి, అధికారంలోకి వచ్చాక దుకాణాలను ప్రభుత్వమే నడిపింది, ధరలు పెంచింది. 2024 ప్రచారంలో తెలుగుదేశం నాణ్యమైన మద్యం తక్కువ ధరకు ఇస్తామంది. గెలుపోటములకు మరెన్నో కారణాలుండొచ్చు. కానీ ఒకనాడు నిషేధం హామీకి చప్పట్లు కొట్టిన రాష్ట్రంలోనే చౌక మద్యం హామీకీ చప్పట్లు పడ్డాయి. ఓటరు నీతి తప్పాడని దీనికి అర్థమా? కాదు. అప్పుడు దెబ్బ తిన్నది ఇల్లు. ఇప్పుడు తాగేవాడు తాను మోసపోయానని అనుకున్నాడు. హైట్ చెప్పిన ఆ అయిదు పట్టింపులూ అయిదు వేళ్లనుకుంటే, ఏ వేలికి దెబ్బ తగిలితే రెండో చెయ్యి దాన్నే పట్టుకుంటుంది.

కాబట్టి ఓటరు ఎందుకు మారాడని వాపోయే పార్టీలు, ముందు ఏ దెబ్బ తగిలిందో కనుక్కోవాలి. సర్వేల్లో "మీ ఓటు ఎవరికి" అని అడుగుతున్నారు. "ఈ అయిదేళ్లలో మీకు అన్యాయం అనిపించింది ఏమిటి" అని కూడా అడగాలి. ఆ జవాబులు విన్నాక ఓటరుకు సిద్ధాంతం లేదనడానికి ఏ పార్టీకీ నోరు రాదు. సిద్ధాంతం ఎవరికి లేదన్న ప్రశ్న అప్పుడు పార్టీల వైపే తిరుగుతుంది.