ఫేటన్ నష్టాన్ని ఏ పద్దులో రాయాలి?

జర్మనీలోని డ్రెస్డెన్‌లో 2016 మార్చిలో ఫోక్స్‌వ్యాగన్ ‘ఫేటన్’ కార్ల తయారీ ఆగిపోయింది. ఏడాదికి 20 వేల కార్లు చేయాలని కట్టిన ఫ్యాక్టరీ అది. పద్నాలుగేళ్లలో అన్నీ కలిపి చేసినవి 84 వేల చిల్లర. ఒక్కో కారు మీద కంపెనీ సుమారు 28 వేల యూరోలు పోగొట్టుకుందని 2013లో ఒక విశ్లేషణ సంస్థ లెక్క తేల్చింది. ఆ అంకెలు చూసినవాళ్లంతా ఆపేయడమే మంచిదన్నారు. నేను ఆ మాట అనలేను. ఆ లెక్కలో సగం పద్దులు లేవు.

ఫేటన్ ఎలాంటి కారో ముందు చెప్పాలి. అప్పటి ఫోక్స్‌వ్యాగన్ అధిపతి ఫెర్డినాండ్ పీయెక్ ఇంజినీర్లకు పెట్టిన షరతుల్లో ఒకటి ప్రసిద్ధం: బయట 50 డిగ్రీల ఎండలో గంటకు 300 కిలోమీటర్ల వేగంతో రోజంతా నడిచినా కారు లోపల 22 డిగ్రీలు దాటకూడదు. అమ్మే కార్ల వేగానికి 250 దగ్గరే కళ్లెం వేశారు. అయినా షరతు మాత్రం సడలించలేదు. ఏసీ గాలి మొహం మీద కొట్టకుండా డ్యాష్‌బోర్డులో గాలి వచ్చే చోట చెక్క పలకలు అమర్చారు. గాలి కావలసినప్పుడు అవి వాటంతటవే తప్పుకుంటాయి, అక్కర తీరాక మళ్లీ మూసుకుంటాయి. డిక్కీ తలుపు కీళ్లకు కూడా నగకు పెట్టినట్టు మెరుగు పెట్టారు. ఫ్యాక్టరీని ఊరి నడిబొడ్డున అద్దాల గోడలతో కట్టి, లోపల మేపుల్ చెక్క నేల వేశారు. విడిభాగాలు లారీల్లో కాదు, నీలిరంగు సరుకుల ట్రామ్‌లో వచ్చేవి. 2002 ఆగస్టులో ఎల్బే నదికి వరదొచ్చి ఊళ్లోని ఒపెరా భవనం మునిగితే, ‘కార్మెన్’ ప్రదర్శన ఈ ఫ్యాక్టరీలోనే జరిగింది.

ఇంత చేసినా ఎందుకు అమ్ముడుపోలేదంటే అందరూ చెప్పే కారణం ఒకటుంది. అదే కంపెనీ చిన్న కారు పోలో మీద ఉండే బ్యాడ్జే దీని మీదా ఉంది, అంత డబ్బు పోసేవాళ్లకు అది రుచించలేదు. నిజమే. మరి జాగ్వార్ ఎక్స్‌జె మాటేమిటి? 1968లో సర్ విలియం లయన్స్ లోకానికి చూపించిన కారు, బ్రిటన్ ప్రధానులు ఎక్కి తిరిగిన కారు. పేరుకు లోటు లేదు. అదీ 2019 జులైలో ఆగింది. దాని స్థానంలో ఎలక్ట్రిక్ ఎక్స్‌జె వస్తుందని ప్రకటించి, నమూనాలను రోడ్ల మీద పరీక్షించాక, 2021 ఫిబ్రవరిలో దాన్నీ పక్కన పెట్టేశారు. ఆ కంపెనీ 2008 నుంచి మన టాటాలదే.

అంటే లోపం బ్యాడ్జి ఒక్కదానిదే కాదు. ఇలాంటి పెద్ద సెడాన్లను జేబులోంచి డబ్బు తీసి కొనేవాళ్లు తక్కువ. ఐరోపాలో ఎక్కువగా కంపెనీలు తమ పెద్ద అధికారుల కోసం లీజుకు తీసుకుంటాయి. లీజు వాయిదాలో పెద్ద భాగం ఆ రెండు మూడేళ్లలో కారు విలువ ఎంత పడిపోతుందన్న దాన్ని బట్టే ఉంటుంది. పెద్ద సెడాన్‌కు దెబ్బ తగిలేది అక్కడే. సెకండ్ హ్యాండ్‌లో కొనబోయేవాడికి ఎయిర్ సస్పెన్షన్ పోతే, పన్నెండు సిలిండర్ల ఇంజిన్ మొరాయిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుందని భయం. అతను వెనకాడితే పాత కారు ధర పడుతుంది. ధర పడితే కొత్త కారు లీజు భారమవుతుంది. అప్పుడు మొదట కొనాల్సినవాడే ఎస్‌యూవీ వైపు చూస్తాడు. అందులోనూ అవే తోలు సీట్లు, అలాంటి ఇంజినే. పైగా మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన నడుం వంచకుండా ఎక్కి కూర్చోవచ్చు. జాగ్వార్‌లోనే 2016లో ఎఫ్-పేస్ ఎస్‌యూవీ వచ్చి మిగతా మోడళ్లను అమ్మకాల్లో వెనక్కి నెట్టేసింది. హైదరాబాద్‌లో ఏ పెద్దింటి పెళ్లి ముందైనా, ఏ నాయకుడి కాన్వాయ్‌లోనైనా మనకు కనబడేవీ ఎస్‌యూవీలే.

పొగ నిబంధనలు, ప్రమాద పరీక్షల ఖర్చు లక్షల్లో అమ్ముడయ్యే కారుకైనా, వేలల్లో అమ్ముడయ్యే కారుకైనా పెద్ద తేడా ఉండదు; తక్కువ అమ్ముడయ్యే కారు మీద ఆ భారం ఎక్కువ పడుతుంది. ఫోక్స్‌వ్యాగన్‌కైతే 2015 సెప్టెంబరులో డీజిల్ కార్ల పొగ లెక్కల్లో చేసిన మోసం బయటపడింది. ఖర్చుల మీద కత్తెర పడక తప్పలేదు.

ఇవన్నీ ఒప్పుకుంటాను. ఒప్పుకోనిది పద్దు రాసిన తీరు. ఫేటన్ కోసం చేసిన పునాది మీదే బెంట్లీ కాంటినెంటల్ జీటీ తయారైంది. 2003లో ఆ కారు రాకముందు బెంట్లీ ఏడాదికి అమ్మేవి వెయ్యి అటూ ఇటూ. 2007లో పది వేలు దాటాయి. బెంట్లీ కూడా ఫోక్స్‌వ్యాగన్ గొడుగు కిందిదే. నష్టం ఫేటన్ పేరున రాసి, లాభం బెంట్లీ పేరున రాసుకుని, ఫేటన్‌ను తెల్ల ఏనుగు అనడం ఏం న్యాయం?

ఇంకా పెద్ద పద్దు ఒకటుంది, అది మనదాకా వస్తుంది. ఎలక్ట్రానిక్ ఏబీఎస్ బ్రేకులను 1978లో మెర్సిడెస్ తన పెద్ద కారు ఎస్-క్లాస్‌లో పెట్టింది. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 1980ల మొదట్లో, జారే రోడ్డు మీద బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ 1995లో, ఆ ఎస్-క్లాస్ కుటుంబం కార్లలోకే వచ్చాయి. అప్పట్లో అవి తయారు చేయడానికి చాలా ఖరీదు. అంత ఖరీదు భరించే కొనుగోలుదారు ఉన్న కారు కాబట్టే వాటిని అందులో పెట్టగలిగారు, ఏళ్ల తరబడి సరిదిద్దగలిగారు, చివరకు చవక చేయగలిగారు. మన దేశంలో కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అదే ఏడాది జులైలో. ఈ రోజు వరంగల్ నుంచి కరీంనగర్‌కు వానలో చిన్న కారులో వెళ్లే టీచరమ్మ బ్రేకు నొక్కితే చక్రాలు పట్టేయకుండా ఉన్నాయంటే, నలభై ఏళ్ల కిందట ఎవరో కోటీశ్వరుడు కట్టిన బిల్లు కూడా అందులో ఉంది.

ఇకపై ఆ పని ఎస్‌యూవీలు చేయవా అంటే, చేయగలవు. కానీ బాగా అమ్ముడుపోతున్న బండి మీద ప్రయోగం చేయడానికి ఏ కంపెనీ అయినా జంకుతుంది. నడుస్తున్న వ్యాపారాన్ని ఎవరు కదిలిస్తారు? ‘పోతే పోయింది, చేసి చూద్దాం’ అనగలిగింది కంపెనీ పరువు మోసే పెద్ద కారు దగ్గరే.

అందుకే టాటాల వాటాదారుల్లో ఎవరైనా లేచి అడగాలని నా కోరిక: ఎలక్ట్రిక్ ఎక్స్‌జె కోసం మీ ఇంజినీర్లు నేర్చుకున్నదంతా ఆ తర్వాత ఏ కారులోకి వెళ్లింది? ఎక్కడికీ వెళ్లకపోతే, ఆ నష్టం ఏ పద్దులో రాశారు?