బర్త్‌డే మెనూలో ఏకే-56 ఎందుకు బాస్?

జులై 29 దగ్గరపడుతోందంటే మా ఫ్లాట్‌లో హడావుడి మొదలవుతుంది. ఐదుగురం ఉంటాం. అందులో ఇద్దరికి సంజయ్ దత్ అంటే పిచ్చి. మీకు ఇరవై ఏళ్ల లోపైతే ఆయన ‘కేజీఎఫ్ 2’ అధీరాగానో, ‘డబుల్ ఇస్మార్ట్’ విలన్‌గానో తెలిసుంటాడు. మా బ్యాచ్‌కి మాత్రం మున్నాభాయే. ‘శంకర్‌దాదా ఎంబీబీఎస్’ చూసి, ఆ తర్వాత అసలు సినిమా వెతుక్కుని చూసినవాళ్లం.

ఈసారి థీమ్ పార్టీ అన్నారు. వాట్సాప్ గ్రూప్‌లో మెనూ రెడీ అయిపోయింది. అధీరా కబాబ్, సర్క్యూట్ మిర్చిబజ్జీ, ఖల్‌నాయక్ కోలా. అక్కడిదాకా బాగానే ఉంది. రాత్రి పదకొండింటికి ఒకడు కేక్ డిజైన్ పెట్టాడు. ఏకే-56 ఆకారంలో! నవ్వుల ఎమోజీలు మూడొచ్చాయి (అందులో ఒకటి నాదే, ఒప్పుకుంటున్నా). ఐదోవాడు మాత్రం ‘‘ఫొటోల్లో నన్ను ట్యాగ్ చెయ్యకండ్రా’’ అన్నాడు. వాడికి ఆఫర్ లెటర్ వచ్చి పది రోజులైంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ నడుస్తోంది.

వాడు అతిగా భయపడుతున్నాడా? రెండు రోజులు అదే ఆలోచించా.

స్టార్ పేరుతో తిండి కొత్తేం కాదు. ముంబయి భెండీ బజార్‌లో నూర్ మొహమ్మదీ అనే పాత హోటల్ ఉంది. నల్లీ నిహారీకి ఫేమస్. అక్కడి మెనూలో ‘చికెన్ సంజూ బాబా’ ఉంటుంది. రెసిపీ ఆయనే ఇచ్చాడని హోటల్ వాళ్ల మాట. 2016 ఫిబ్రవరి 25న ఆయన పుణెలోని యెరవాడ జైలు నుంచి విడుదలైనప్పుడు, ఆ రోజు ఈ వంటకం ఉచితమని హోటల్ ప్రకటించింది. అభిమానం అంటే అదీ. దాంట్లో నాకేం తప్పు కనిపించదు. శిక్ష పూర్తిచేసుకుని వచ్చిన మనిషికి భోజనం పెట్టారు.

కానీ ఆ శిక్ష ఎందుకు పడిందో మా గ్రూప్‌లో అడిగితే రెండు రకాల సమాధానాలు వచ్చాయి. ‘సంజు’ సినిమా చూసినవాడు ‘‘పాపం, అనవసరంగా ఇరికించారు’’ అన్నాడు. ఇంకొకడు ‘‘బాంబు పేలుళ్ల కేసు కదా’’ అన్నాడు. రెండూ తప్పే. 1993 మార్చి 12 నాటి ముంబయి వరుస పేలుళ్లలో 257 మంది చనిపోయారు. ఆ కేసులో సంజయ్ దత్‌పై ఉగ్రవాద కుట్ర అభియోగాలను టాడా కోర్టు 2006 నవంబర్‌లో కొట్టేసింది. అక్రమంగా ఏకే-56, పిస్టల్ దగ్గర పెట్టుకున్నందుకు ఆయుధాల చట్టం కింద మాత్రం దోషి అంది. 2007లో ఆరేళ్ల శిక్ష వేసింది. 2013 మార్చి 21న సుప్రీంకోర్టు దాన్ని ఐదేళ్లకు తగ్గించింది. దోషిగా తేలిన 2006లోనే, గాంధీగిరీ చేసే ‘లగేరహో మున్నాభాయ్’ కూడా వచ్చింది. మనకు గుర్తుండిపోయింది రెండోదే.

అధీరా సినిమా పాత్ర, పెట్టుకోండి. ఏకే-56 సినిమా ప్రాప్ కాదు. ఆ 257 మంది ఇళ్లలో కూడా పుట్టినరోజులు ఉండేవి.

ఇక డ్రింక్ సంగతి. 2023లో ఆయన భాగస్వామిగా ‘గ్లెన్‌వాక్’ స్కాచ్ విస్కీ మార్కెట్లోకి వచ్చింది. డ్రగ్స్‌కు బానిసై అమెరికాలో చికిత్స తీసుకున్నానని చాలాసార్లు చెప్పిన మనిషి విస్కీ అమ్మడం నాకు కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది. అది ఆయన ఇష్టం. మీరు చూడాల్సింది వేరే ఉంది. మన దేశంలో టీవీలో మద్యం ప్రకటనలు వేయకూడదు. ఇన్‌ఫ్లూయెన్సర్ డబ్బో బహుమతో తీసుకుని ఏ బ్రాండ్ గురించి పోస్ట్ చేసినా ‘యాడ్’ అని రాయాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నిబంధన పెట్టింది. మీకెవరూ పైసా ఇవ్వలేదు. కాబట్టి బర్త్‌డే రోజు మీరు పెట్టే సీసా ఫొటోకి ఏ లేబులూ ఉండదు. కంపెనీకి ఉచిత ప్రచారం, మీ ప్రొఫైల్‌లో శాశ్వత సాక్ష్యం. పైగా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మద్యం తాగే వయసు 21. ముంబయిలో విస్కీకైతే 25. హాస్టల్లో ఉండే మా తమ్ముళ్ల బ్యాచ్ ఆ ఫొటోలో ఉంటే వాళ్ల వయసు కూడా అందులో ఉన్నట్టే.

అసలు ప్రశ్నకొద్దాం. తుపాకీ ఆకారంలో కేక్ చేయించుకుంటే నేరం కాదు. కానీ ఇలాంటి పార్టీలు కేక్ దగ్గర ఆగవు. ఆ కేక్‌ను కత్తితో, అదీ పెద్ద తల్వార్‌తో కోయాలనిపిస్తుంది. కన్నడ నటుడు దునియా విజయ్ 2020 జనవరిలో తన బర్త్‌డే కేక్‌ను తల్వార్‌తో కోస్తే బెంగళూరు పోలీసులు కేసు పెట్టారు. హీరోకే తప్పలేదు! రోడ్డు మీద కోస్తే రాకపోకలకు అడ్డం, రాత్రి పది దాటాక డీజే పెడితే శబ్ద కాలుష్యం. ఒక్కోటీ చిన్నదే. కేసు కేసే.

సంజయ్ దత్‌కి కేసు నడుస్తుండగానే సినిమాలు వచ్చాయి. మీకు అలా రావు. క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్ట్ నిరాకరించవచ్చని 1967 నాటి పాస్‌పోర్ట్ చట్టంలోనే ఉంది. కోర్టు అనుమతి తెచ్చుకుంటే ఇస్తారు, ఈలోపు ఆన్‌సైట్ ఛాన్స్ ఇంకొకరికి పోతుంది. గ్రూప్స్, కానిస్టేబుల్ ప్రిపరేషన్‌లో ఉన్నవాళ్లైతే ‘అవతార్ సింగ్’ కేసు గురించి తెలుసుకోండి. 2016 జులైలో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల తీర్పు. వెరిఫికేషన్ ఫారంలో అడిగితే అరెస్టు, కేసు, శిక్ష ఏదున్నా నిజం చెప్పాల్సిందే. దాస్తే ఉద్యోగం పోవచ్చు. అయితే చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిల్లర కేసైతే, దాచినా చూసీచూడనట్టు వదిలే విచక్షణ యజమానికి ఉందని కూడా అంది. విచక్షణ అంటే వాళ్ల దయ. ‘‘ఫైనే కదా, కట్టేశాం, అయిపోయింది’’ అనుకుని ఫారంలో ‘లేదు’ అని టిక్ పెట్టేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. ఇప్పటికే ఏదైనా కేసుంటే కాగితాలు దాచిపెట్టుకోండి, ఫారం నింపేముందు ఒక లాయర్‌కి చూపించండి.

అలాగని పార్టీ మానేయమనను. 2023 జులైలో సూర్య పుట్టినరోజుకి ఫ్లెక్సీ కడుతూ పల్నాడు జిల్లాలో ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు కరెంట్ షాక్‌తో చనిపోయారు. దాంతో పోలిస్తే ఇంట్లో నలుగురికి వండిపెట్టడం ఎంతో మేలు.

మా కేక్ ఇప్పుడు గుండ్రంగా ఉంది. పైన తెల్లకోటు, స్టెతస్కోప్. ఖల్‌నాయక్ కోలాలో కోలా, నిమ్మరసం, కాస్త నల్ల ఉప్పు తప్ప ఇంకేం లేదు. సంజూ బాబా చికెన్ ఎలా వండాలో ఎవడికీ తెలీదు కాబట్టి మామూలు మసాలా కూరకే ఆ పేరు పెట్టేశాం. ఐదోవాడు వస్తున్నాడు. ట్యాగ్ చేసినా ఫర్వాలేదన్నాడు గానీ, ఉల్లిపాయలు మాత్రం తను కోయడట.