వేలు పెట్టకుండానే పేలితే?

మా బావ డాలస్ దగ్గర ఉంటాడు. గ్రీన్‌కార్డు వచ్చాక ఇల్లు కొన్నాడు, పెరట్లోకి గ్రిల్ కొన్నాడు, ఆ తర్వాత ఓ సెకండ్‌హ్యాండ్ వేట రైఫిల్ కొన్నాడు. "టెక్సాస్‌లో ఉండి జింకల సీజన్‌కి వెళ్లకపోతే ఎట్లారా?" అంటాడు. మా అక్క మాత్రం ఆ రైఫిల్ ఉన్న అల్మారా వైపు కూడా చూడదు.

పోయిన నవంబర్లో నేను వెళ్లిన రోజు సాయంత్రం బావ గరాజ్‌లో రైఫిల్ చూపించి, "ట్రిగ్గర్ నేనే సెట్ చేశా. వెన్నలా ఉంది చూడు" అన్నాడు. పక్కింటి పెద్దాయన బాబ్ అక్కడే ఉన్నాడు. రిటైరైన మెకానిక్, చిన్నప్పట్నుంచీ వేట అలవాటు. వెన్న మాట వినగానే ఆయన మొహం మారిపోయింది. "ఎవరు సెట్ చేశారు?" "నేనే. యూట్యూబ్‌లో చూసి." అంతే, గంటసేపు వాదన.

అసలు ట్రిగ్గర్‌ని సెట్ చేయడమేంటి అని మీకు డౌట్ రావచ్చు. నాకూ వచ్చింది. ట్రిగ్గర్ నొక్కడానికి ఎంత బలం కావాలో దానికో లెక్క ఉంటుంది. అమెరికాలో పౌండ్లలో చెబుతారు. వేట రైఫిల్‌కి మూడు నాలుగు పౌండ్లు మామూలు, అంటే మన లెక్కలో కిలోన్నర అటూ ఇటూ. ఇది మరీ ఎక్కువైతే, వేలితో గట్టిగా లాగే కొద్దీ రైఫిలే పక్కకి కదులుతుంది, గురి తప్పుతుంది. అందుకే చాలా రైఫిళ్లలో దీన్ని తగ్గించుకోడానికి చిన్న చిన్న స్క్రూలు ఇస్తారు.

స్క్రూల్లో ఒకటి స్ప్రింగ్ బిగువుది. దాన్ని కొంచెం వదులు చేస్తే పెద్ద ప్రమాదం లేదు. అసలు తంటా ఇంకోదాంతో. లోపల 'సియర్' అనే ఉక్కు ముక్క ఉంటుంది. తూటాని కొట్టే ఫైరింగ్ పిన్‌ని ఆపి పట్టుకునేది అదే. ఆ సియర్ అంచుని ట్రిగ్గర్ అంచు మిల్లీమీటరు కూడా లేనంత మేర పట్టి ఉంచుతుంది. తలుపు గడియ కొసన మాత్రమే తగిలి ఉన్నట్టన్నమాట. ఆ పట్టుని ఇంకా తగ్గిస్తే ట్రిగ్గర్ వెన్నలా తగులుతుంది. కానీ తలుపు గాలికే తెరుచుకుంటుంది.

బావ వాదన: "కంపెనీయే స్క్రూ ఇచ్చిందంటే తిప్పుకోమనేగా? ఇది నమ్మకమైనది కాకపోతే లక్షల మంది ఎందుకు కొంటారు?"

బాబ్ వాదన: "తిప్పుకో. కానీ తిప్పాక పరీక్షించావా?"

బావ నీళ్లు నమిలాడు.

పరీక్ష సింపుల్. రైఫిల్ ఖాళీగా ఉందని ముగ్గురం రెండేసి సార్లు చూశాం. తూటాలు వేరే గదిలో పెట్టాం. బోల్ట్ లాగి, మూసి, సేఫ్టీ తీసి, ట్రిగ్గర్ జోలికి వెళ్లకుండా రైఫిల్ మడమని బాబ్ కింద రబ్బరు మ్యాట్ మీద గట్టిగా దించాడు.

టిక్.

అంతే శబ్దం. ఎవరూ ముట్టుకోలేదు, ఫైరింగ్ పిన్ పడిపోయింది. లోపల తూటా ఉండుంటే పేలేదే. గుమ్మంలో నిలబడ్డ అక్క ఒక్క మాటే అంది: "ఏమండీ, పోయిన వారం బాబుని ఎత్తుకుని దీని పక్కనే నిలబడ్డాను." బావ రైఫిల్ కింద పెట్టేశాడు.

అది ఏ కంపెనీదో రాయను. తప్పు కంపెనీది కాదు, మా బావది. కానీ కంపెనీలే బోనులో నిలబడ్డ కథ ఒకటుంది. ఆ రాత్రి బాబ్ చెప్పింది అదే. తర్వాత నేను కూర్చుని చదివాను.

రెమింగ్టన్ 700. 1962లో వచ్చింది, అమెరికాలో బాగా అమ్ముడైన వేట రైఫిళ్లలో ఒకటి. దాని ట్రిగ్గర్ డిజైన్ చేసింది మైక్ వాకర్ అనే ఇంజనీర్. అందులో ట్రిగ్గర్‌కీ సియర్‌కీ మధ్య 'కనెక్టర్' అనే విడి ముక్క ఉంటుంది. నొక్కడానికి చాలా హాయిగా ఉంటుందని పేరు. కానీ ఆ సందులో మురికో, గడ్డకట్టిన నూనో చేరితే కనెక్టర్ పూర్తిగా వెనక్కి రాకపోవచ్చని విమర్శకుల ఆరోపణ. అలాంటప్పుడు సేఫ్టీ తీయగానే పేలొచ్చు. తమాషా ఏంటంటే, 1940ల చివర్లోనే సేఫ్టీని మెరుగుపరచమని వాకరే సూచించాడు. తుపాకీకి అయిదున్నర సెంట్లు ఎక్కువ ఖర్చు. కంపెనీ వద్దనుకుంది.

1982కి ముందు మోడళ్లలో ఇంకో చిక్కు: తూటాలు తీసేయాలంటే ముందు సేఫ్టీ తీయాల్సిందే. 2000 అక్టోబర్లో మోంటానాలో ఒక తల్లి వేట నుంచి వచ్చి, తూటాలు తీసేద్దామని సేఫ్టీ తీసింది. పేలింది. ట్రిగ్గర్ మీద వేలు లేదని ఆమె చెప్పింది. తొమ్మిదేళ్ల కొడుకు చనిపోయాడు. ఆ తండ్రి ఏళ్ల తరబడి పోరాడాడు.

కంపెనీ మాటా చెప్పాలి కదా. మా ట్రిగ్గర్‌లో లోపం లేదు, సరిగ్గా శుభ్రం చేయకపోవడం, స్క్రూలతో ఆడటమే కారణం అంది. ఫిర్యాదులు మాత్రం వేలల్లో వచ్చాయి. తర్వాత కనెక్టర్ లేని కొత్త ట్రిగ్గర్ తెచ్చింది. దాన్నీ 2014లో వెనక్కి పిలిచారు. ఫ్యాక్టరీలో జిగురు పదార్థం ఎక్కువ పడటం వల్ల తనంతట తానే పేలే ప్రమాదం ఉందని. చివరికి తప్పు ఒప్పుకోకుండానే, దాదాపు 75 లక్షల తుపాకులకి ఉచితంగా ట్రిగ్గర్ మార్చేలా కోర్టులో రాజీ కుదిరింది. 2017లో కోర్టు ఒప్పుకునే నాటికి ముందుకొచ్చిన వాళ్లు వేలల్లోనే. మిగతావాళ్లంతా "నాది బానే ఉందిగా" బ్యాచ్. మా బావ లాగే.

అయితే సెట్ చేసుకునే ట్రిగ్గర్లన్నీ చెడ్డవా? కాదు. 2002 చివర్లో సావేజ్ కంపెనీ ఆక్యూట్రిగ్గర్ అని తెచ్చింది. ట్రిగ్గర్ మధ్యలో సన్నటి బ్లేడ్ ఉంటుంది. దాన్ని వేలు నొక్కితే తప్ప, కుదుపుకి సియర్ జారినా అది అడ్డుపడి పేలనివ్వదు. బలం తగ్గించుకోవచ్చు, కానీ కంపెనీ గీసిన గీత దాటి కాదు. ఆటల్లో కూడా గీత ఉంది. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆడే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు ఆగాలని రూలు.

మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట నేరం కాబట్టి ఈ గొడవ మనకెందుకు అనొచ్చు. కానీ ఎన్‌సీసీ క్యాంపులో రైఫిల్ పట్టిన వాళ్లకి మొదటి పాఠం గుర్తుండే ఉంటుంది: గొట్టం ఎప్పుడూ మనిషి వైపు ఉండకూడదు, ఖాళీగా ఉన్నా సరే. ఇన్నాళ్లూ అది క్రమశిక్షణ కోసం చెప్పే మాట అనుకునేవాణ్ని. కాదు. సేఫ్టీ కూడా ఒక ఇనప ముక్కే. ఏదో ఒక రోజు ఫెయిలవుతుంది. ఆ రోజు గొట్టం ఎటు ఉంది అనేదే మిగిలే లెక్క.

మర్నాడే బావ రైఫిల్‌ని గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన మూడున్నర పౌండ్లకి సెట్ చేసి, పదిసార్లు మ్యాట్ మీద కొట్టి చూపించాడట. ఈసారి టిక్ రాలేదు. వెన్నలా లేదని బావ ఇప్పటికీ గొణుగుతాడు. అక్క మాత్రం అల్మారాకి రెండో తాళం వేసింది. ఆ తాళంచెవి ఎక్కడుందో బావకి కూడా చెప్పలేదు.