పస్తులుండి పొంచి ఉండే శత్రువు

1994 సెప్టెంబరులో సూరత్ నగరాన్ని ప్లేగు భయం కమ్మివేసిన సంగతి మనలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. లక్షలాది జనం రైళ్లూ బస్సులూ పట్టుకుని ఊరు విడిచారు. ఆ వ్యాధి పెనుగాలిలా వచ్చి, కొద్ది వారాల్లోనే వెనుదిరిగింది. మరుసటి సంవత్సరం నగరపాలక కమిషనరుగా వచ్చిన శ్రీ ఎస్.ఆర్.రావు హయాంలో వీధులు శుభ్రపడి, సూరత్ దేశానికే ఆదర్శమైంది. అయితే వీధులను ఊడ్చినంత మాత్రాన తొలగిపోని శత్రువు మరొకటి ఉన్నది. అది క్షయ. ఈ మాసం దానిని గురించి ముచ్చటించుకుందాం.

రాబర్ట్ కాక్ 1882లో కనుగొన్న ఈ సూక్ష్మజీవి గాలి ద్వారా ఊపిరితిత్తులలో ప్రవేశించగానే రక్షణ కణాలు దానిని మింగివేస్తాయి. మింగినవి అన్ని వేళలా దానిని చంపలేవు. అది ఆ కణం లోపలనే కాపురం పెడుతుంది. అప్పుడు శరీరం ముట్టడికి పూనుకుంటుంది. మరికొన్ని కణాలు గోడలా చుట్టూ మూగుతాయి. ఇనుము వంటి పోషకాలు అందకుండా కట్టడి చేస్తాయి. కోటను చుట్టుముట్టిన సైన్యం లోనికి ధాన్యం పోనీయనట్లే ఇదీను.

తిండి లేనివాడు నశించాలి కదా! కాని, ఈ జీవి నశించదు. 'ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖ మెరుగదు' అని మన సామెత. క్షయ క్రిమికి మాత్రం ఆకలే నిద్ర అవుతుంది. పోషకాలు లేని ద్రవంలో ఉంచినప్పుడు అది పెరుగుదలను ఆపి, శ్వాసక్రియను బాగా తగ్గించుకుని ప్రాణం నిలుపుకున్నదనీ, ఆహారం అందగానే తిరిగి పెరిగిందనీ శాస్త్రజ్ఞులు 1933లోనే గమనించారు. 2002లో జరిగిన పరిశోధన దీనిని ధ్రువపరచింది.

ఈ నిద్రలోనే అసలు చిక్కు ఉన్నది. ఐసోనియాజిడ్ అనే ముఖ్యమైన మందు క్రిమి కొత్తగా గోడ కట్టుకునేటప్పుడు దెబ్బతీస్తుంది. పెరుగుదలే లేని క్రిమి గోడ కట్టుకోదు, కాబట్టి దెబ్బా తగలదు. మందులు మొదలుపెట్టిన కొద్ది వారాలకే దగ్గు తగ్గి, ఒంట్లో సత్తువ వచ్చి, "ఇక మాత్రలెందుకు?" అనిపిస్తుంది. అప్పటికి చచ్చినవి పెరుగుతున్న క్రిములు; నిద్రిస్తున్నవి మిగిలే ఉంటాయి. సాధారణ క్షయకు చికిత్స ఆరు మాసాలు సాగడానికి ముఖ్య కారణం ఇదే.

ఆకలి క్రిమికి ఓర్పు నేర్పితే, మనిషి నుండి రక్షణను లాగివేస్తుంది. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగో వంతు మందికి ఈ క్రిమి సోకి ఉన్నదని అంచనా. వారిలో జీవితకాలంలో జబ్బు పడేవారు నూటికి 5 నుండి 10 మంది మాత్రమే. మిగిలిన వారిలో కోటగోడ నిలిచి ఉంటుంది. తిండి తగ్గితే ఆ గోడ బలహీనపడుతుంది. జార్ఖండ్‌లో క్షయ రోగుల ఇళ్లలోని వారికి నెలనెలా బియ్యం, కందిపప్పు, సూక్ష్మపోషకాల మాత్రలు ఇచ్చి చూడగా, కొత్తగా క్షయ సోకడం 39 శాతం తగ్గినట్లు 2023లో వెలువడిన అధ్యయనం తెలిపింది. పప్పన్నం కూడా ఔషధమే సుమా!

మన తెలుగు నేత కుటుంబాలెన్నో ఈ నగరంలో మరమగ్గాల మీద జీవిస్తున్నాయి. మన ఇళ్లలోని వారికైనా, ఇరుగుపొరుగు వారికైనా రెండు వారాలు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించండి. ప్రభుత్వ కేంద్రాలలో పరీక్షా, మందులూ ఉచితం. పోషణ కోసం నెలకు 500 రూపాయలుగా 2018లో మొదలైన సాయాన్ని 2024 నవంబరు నుండి 1,000 రూపాయలకు పెంచారు. చికిత్స మధ్యలో స్వగ్రామానికి వెళ్లవలసివస్తే ముందుగా కేంద్రంలో తెలియజేయండి. అక్కడ మందులు కొనసాగించే ఏర్పాటు ఉన్నది.

శత్రువు ఓర్పు గలది. మన ఓర్పు దానికంటే ఒక్క రోజు ఎక్కువగా ఉండాలి. చివరి మాత్ర వేసుకునే వరకూ దగ్గు తగ్గిన మాటను లెక్కలోకి తీసుకోవద్దని మా మనవి.