ట్యాంకు ఊపిరికి దారి

పెట్రోలు కారు వల్ల కలిగే కాలుష్యం అనగానే పొగగొట్టమే గుర్తుకు వస్తుంది గానీ, ఇంజిను ఆపి ఎండలో నిలిపిన కారు ట్యాంకులో నుంచి కూడా పెట్రోలు ఆవిరై గాలిలో కలుస్తుందనీ, ఆ ఆవిరిలోని హైడ్రోకార్బన్లు నైట్రోజన్ ఆక్సైడ్లతో కూడి ఎండ వెలుగులో నేలమట్టపు ఓజోన్ ఏర్పడడానికి తోడ్పడతాయనీ తేలినందువల్లనే, కాలిఫోర్నియాలో 1970 మోడల్ కార్ల నుంచి, అమెరికా అంతటా 1971 మోడల్ నుంచి ఈ ఆవిరిని పట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి అయింది.

ట్యాంకులో పుట్టిన ఆవిరి గొట్టం గుండా క్యానిస్టర్ అనే డబ్బాకు చేరుతుంది; అందులోని ఉత్తేజిత కర్బనం, అనగా లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రాలున్న బొగ్గు, దానిని పట్టి ఉంచుతుంది; ఇంజిను నడిచేటప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకోగా ఆ ఆవిరి ఇంజినులోకి పోయి మండిపోతుంది. అలా లాగిన మేరకు బయటి గాలి లోపలికి వచ్చే ద్వారమే వెంట్. దాని వాల్వు మామూలుగా తెరిచే ఉంటుంది. లీకును పరీక్షించుకునే కాసేపు మాత్రమే కారు కంప్యూటరు దానిని మూస్తుంది.

ఈ ద్వారం పూడిపోతే ఏమవుతుందో అమెరికాలో మాజ్డా 6 కార్ల ఉదంతం తెలియజేసింది. హైడ్రోకార్బన్ల వాసనకు ఆకర్షితమయ్యే ఒక పసుపురంగు సాలీడు వెంట్ గొట్టంలో గూడు అల్లడంతో, పర్జ్ జరిగినప్పుడల్లా ట్యాంకులో గాలి పీడనం తగ్గి, ట్యాంకుకు పగుళ్లు వచ్చి పెట్రోలు కారే ప్రమాదం ఏర్పడినందున, ఆ సంస్థ 2011లో ఉత్తర అమెరికాలో దాదాపు 65,000 కార్లను, 2014లో మరో 42,000 కార్లను వెనక్కి పిలిపించింది. సాలీడే కానక్కరలేదు, దుమ్ము, బురద, క్యానిస్టర్ పగిలి రాలిన బొగ్గు రవ్వలు కూడా ఆ పనే చేస్తాయి. పంపు ఆగిన తర్వాత కూడా నోటిదాకా పెట్రోలు నింపించుకునే అలవాటు వల్ల ద్రవ పెట్రోలు క్యానిస్టర్‌లోకి చేరి బొగ్గును పాడుచేస్తుంది.

ట్యాంకు మూత తీయగానే బుస్సుమంటూ గాలి లోపలికి పీల్చుకోవడం, కొన్ని కార్లలో పెట్రోలు పోయించుకునేటప్పుడు నాజిల్ మాటిమాటికీ ఆగిపోవడం, చెక్ ఇంజిన్ లైటు వెలగడం ఈ గాలి దారి పూడిందనడానికి గుర్తులు. స్కానర్‌లో కనిపించే పీ0446 వంటి కోడ్ వెంట్ నియంత్రణ విభాగంలో లోపమున్నదని సూచిస్తుందే గానీ, చెడింది వాల్వా, వైరా, గొట్టమా అన్నది చెప్పదు. కాబట్టి మూత తీసి ఉంచినప్పుడు ట్యాంకు పీడనం సున్నాకు దగ్గరగా చూపుతున్నదో లేదో మొదట చూడాలి, చూపకపోతే సెన్సారునే అనుమానించాలి. ఆ పిమ్మట మూత బిగించి, ఇంజిను నడిపి, స్కానర్ ద్వారా పర్జ్ వాల్వును తెరిపించాలి. వెంట్ తెరిచి ఉన్నా పీడనం అంతకంతకూ పడిపోతుంటే గాలి దారి మూసుకుపోయినట్టే గనుక పరీక్షను వెంటనే ఆపాలి. క్యానిస్టర్ వద్ద వెంట్ గొట్టం విప్పగానే పీడనం కోలుకుంటే అడ్డు ఆ గొట్టంలోనో వాల్వులోనో ఉన్నట్టు, కోలుకోకపోతే క్యానిస్టర్‌లోనే ఉన్నట్టు. నిప్పును దూరంగా ఉంచి చేసే ఈ పనిలో కంప్రెసర్ గాలిని ట్యాంకు వైపు ఊదడం ఎంతమాత్రం తగదు.

ఈ వరుస పాటించకుండా కోడ్ చూసీ చూడగానే వాల్వు మార్చడం, అది ఫలించకపోతే క్యానిస్టర్ మార్చడం, చివరకు గొట్టమే కోసి లైటు ఆరిందని చెప్పడం వైద్యం కాదు, రోగాన్ని కప్పిపుచ్చడం. భారత్‌లో బీఎస్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, ఆవిరి పరీక్షలో 2 గ్రాముల పరిమితిని విధిస్తున్నా, తర్వాత ఏళ్ల తరబడి తీసుకునే కాలుష్య ధ్రువపత్రం పొగగొట్టాన్ని మాత్రమే కొలుస్తుంది గనుక, కోసిన గొట్టం నుంచి పోయే ఆవిరి ఏ పత్రంలోనూ నమోదు కాదు. ఆ లోటును ఇప్పటికిప్పుడు పూరించగలిగేది మెకానిక్ నిజాయితీ ఒక్కటే. అందుచేత, ఏ భాగం మార్చినా మార్చక ముందు పరీక్షలో పీడనం ఎంత చూపిందో, గొట్టం విప్పాక ఎంత చూపిందో బిల్లు మీద రాసి ఇవ్వడాన్ని వర్క్‌షాపులు నియమంగా పెట్టుకోవాలి; యజమానులు ఆ రెండు అంకెలను అడిగి తీసుకోవాలి.