రెక్కల కొలువు – ఎకరాల తాకట్టు

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడే వేళకు ఒక చిత్రం మన కళ్లబడుతూ ఉంటుంది. తెల్లచొక్కా, భుజాన బంగారు చారలు, చంకలో టోపీ, వెనుక తళతళలాడే విమానం. "రెండేళ్లలో ఎయిర్‌లైన్ పైలట్" అన్న మాట పెద్ద అక్షరాలలో ఉంటుంది. కోటి రూపాయల మాట అడుగున చీమతలకాయలంత అక్షరాలలో ఉంటుంది, లేదా "వివరాలకు సంప్రదించండి" అన్న మాట చాటున దాగి ఉంటుంది. ఆ చీమతలకాయలను గురించే ఈ టపా. ఛందస్సులూ శతకాలూ తప్ప మరొకటి వ్రాయని ఈ ముసలి పండితుడికి విమానాల గొడవ ఎందుకని మిత్రులు అడుగవచ్చు. "విమానం" అన్న మాటలోనే "మానం" ఉన్నది, అనగా కొలత. ఆ కొలత తప్పుతున్నదన్నదే నా వాదం.

ముందు విషయం తెలియని వారి కోసం రెండు మాటలు. మన దేశంలో విమానం నడిపి జీతం పుచ్చుకోవాలంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలి. పదునెనిమిదేళ్లు నిండాలి, భౌతిక గణిత శాస్త్రాలతో ఇంటర్మీడియెట్ ఉత్తీర్ణత ఉండాలి, వైద్యపరీక్షలో నెగ్గాలి. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, వైమానిక నిబంధనలు, సాంకేతిక విషయాలు, రేడియో సంభాషణ, ఇన్ని పరీక్షలు దాటాలి. ఆ పైన 200 గంటలు గాలిలో గడపాలి, అందులో 100 గంటలు తానే కమాండుగా ఉండాలి. ఇంత చేసినవాడి చేతికి లైసెన్సు వస్తుంది గాని ఉద్యోగం రాదు. ఎయిర్‌బస్ 320 వంటి పెద్ద విమానం ఎక్కాలంటే ఆ రకానికి ప్రత్యేకమైన తర్ఫీదు, దానినే టైప్ రేటింగ్ అంటారు, మరల వేరే.

సంప్రదాయ మార్గంలో ఇవన్నీ ఒక్కొక్కటిగా, ఒక్కొక్కచోట జరుగుతాయి. ఫ్లయింగ్ క్లబ్బులోనో, రాయబరేలీ వైపు ఫుర్సత్‌గంజ్‌లో 1985లో స్థాపించిన ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలోనో, మన బేగంపేట అకాడమీలోనో గంటలు కూడబెట్టుకోవడం, పరీక్షలు వ్రాసుకోవడం, లైసెన్సు పట్టుకుని ఎయిర్‌లైన్ల గుమ్మాలెక్కడం. కేడెట్ ప్రోగ్రాం అనే కొత్త మార్గంలో ఇదంతా ఒకే మూటగా కడతారు. ఒక ఎయిర్‌లైన్ పేరు, ఒక శిక్షణసంస్థ, ఒక ఒప్పందం. ప్రవేశపరీక్ష, ఇంటర్వ్యూ, తరువాత స్వదేశంలోనో విదేశంలోనో శిక్షణ, చివర టైప్ రేటింగ్. దీనికి కోటి రూపాయలు, కొన్నింటికి అంతకు మించి. విడివిడిగా నేర్చుకున్నవాడికి స్వదేశంలో లైసెన్సుకు యాభై లక్షల చుట్టుప్రక్కల, టైప్ రేటింగుకు పదిహేను ఇరవై లక్షలు అవుతాయి. అంటే తేడా ఇంచుమించు ముప్పై లక్షలు.

ఆ ముప్పై లక్షలకు మీరు కొంటున్నది ఏమిటి? భరోసా అంటారు. ఆ భరోసాను కాగితంపై చూడండి. "షరతులతో కూడిన నియామక లేఖ" అని ఉంటుంది. తెలుగు పండితుడను గనుక విశేషణాన్ని విడిచి విశేష్యాన్ని చదివే అలవాటు నాకు లేదు. ఆ షరతులు ఏవి? ప్రతి దశలోనూ సంస్థ సంతృప్తి చెందాలి; వైద్యపరమైన అర్హత నిలిచి ఉండాలి; అన్నిటికంటె మించినది, ఆనాటికి ఎయిర్‌లైన్‌కు అవసరం ఉండాలి. మొదటి రెండూ న్యాయమే. మూడవదానిలోనే ఉన్నది మర్మమంతా. అవసరం ఉంటే తీసుకుంటాం, లేకుంటే వేచి ఉండు అనే మాట చెప్పడానికి ముప్పై లక్షలు ఎందుకు? ఏ క్లబ్బులో చదివినవాడికైనా ఎయిర్‌లైన్ చెప్పేది ఆ మాటే గదా! ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇక లెక్క. కోటి రూపాయల అప్పుకు నూటికి పదకొండు వడ్డీ, పదేళ్ల గడువు అనుకుందాం. నెలకు కట్టవలసినది సుమారు 1,37,750 రూపాయలు. పదేళ్లలో కట్టేది కోటీ అరవై అయిదు లక్షలు. శిక్షణ జరిగిన రెండేళ్ల వడ్డీ ఇందులో కలపలేదు. అంత అప్పుకు బ్యాంకువారు ఆస్తి తాకట్టు అడుగుతారు. తాకట్టు అంటే నగరాలలో ఫ్లాటు, పల్లెలలో పొలం. నా వద్ద పదవ తరగతి వరకు చదివిన ఒక రైతు ఈ మధ్య మూడెకరాల మాగాణి కాగితాలు పట్టుకుని నా సలహాకు వచ్చాడు. పిల్లవాడికి వైద్యపరీక్ష అయిందా అని అడిగాను. ఇంకా కాలేదన్నాడు. వర్ణాంధత్వం ఒక్కటి బయటపడితే చాలు, ఈ వృత్తి మూసుకుపోతుంది. కొద్ది వేలతో తేలిపోయే ఆ సంగతి తేలకముందే ఒక దళారీ అతని చేత అడ్వాన్సు కట్టించుకోబోయాడు. ముందు వైద్యుడి దగ్గరకు, తరువాత పరీక్షల హాలుకు, అటుపైన మాత్రమే బ్యాంకుకు వెళ్లమని చెప్పి పంపాను.

నేను సంప్రదాయ మార్గాన్ని మెచ్చుకునేది ఈ క్రమం కోసమే గాని పాతదన్న మమకారంతో కాదు. ఆ మార్గంలో మెట్టుమెట్టుకూ ఆగి ఆలోచించుకునే వీలు ఉన్నది. నావిగేషన్ పరీక్ష మూడుసార్లు తప్పినవాడు, తనకు ఇది కాదని తెలుసుకుని, కొన్ని వేలో లక్షో పోగొట్టుకుని వెనుదిరుగగలడు. మొదటి పది గంటలలో కడుపులో తిప్పి, భయం వదలనివాడు అక్కడితో ఆగగలడు. టైప్ రేటింగు అన్నిటికంటె చివర, కొలువు కనుచూపు మేరకు వచ్చాక తీసుకోవచ్చు. మూట కట్టి అమ్మేచోట ఈ విచక్షణకు తావు లేదు. ఎక్కిన తరువాత దిగడానికి కట్టవలసిన మూల్యం ఎంతో ఒప్పందంలో చదివినవారికే తెలుస్తుంది.

ఆకాశంలో ఉద్యోగాలకు కొదవేమిటి, ఎయిర్ ఇండియా 470 విమానాలకూ ఇండిగో 500 విమానాలకూ 2023లోనే ఆర్డర్లు ఇచ్చాయి గదా అంటారు. రాబోయే పదిహేను ఇరవై ఏళ్లలో ముప్పైవేలమంది పైలట్లు కావాలని మన శ్రీకాకుళం బిడ్డ, కేంద్ర విమానయానమంత్రి రామ్మోహన్ నాయుడుగారే చెప్పారు గదా అంటారు. చెప్పారు, కాదనను. కాని "రాబోయే ఇరవై ఏళ్లు" అనేది దేశానికి సరిపడే కాలమానం. అప్పుతీసుకున్నవాడి కాలమానం వచ్చేనెల అయిదవ తేదీ. ఆ రెండింటి నడుమ ఏమేమి జరుగుతాయో చూడండి. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ నేలకు దిగింది. 2020లో కరోనా వచ్చి విమానాలన్నీ కప్పల్లా కూలబడ్డాయి. 2023 మే నెలలో గో ఫస్ట్ చేతులెత్తేసింది. ఒక ఎయిర్‌లైన్ మూతబడితే వేల గంటల అనుభవమున్న పైలట్లు వీధిన పడతారు. వారి వెనుక, అదే వరుసలో, 200 గంటల కుర్రవాడు నిలబడతాడు. ఎవరిని ముందు పిలుస్తారు?

కొరత ఉన్నమాట నిజమే, అయితే ఎవరి కొరత? 2025 డిసెంబరులో ఇండిగోవారి విమానాలు వేలకొలది రద్దయి, ప్రయాణికులు విమానాశ్రయాలలో నేలపై పడుకున్నారే, అది పైలట్ల విశ్రాంతి గంటలు పెంచిన కొత్త నిబంధనలకు తగినట్లు సిబ్బందిని సమకూర్చుకోకపోవడం వలన వచ్చిన ముప్పు. వారపు విశ్రాంతి 36 గంటల నుండి 48 గంటలకు పెరిగింది. పెరుగుతుందని ముందే తెలుసు. విమానానికి ఎడమవైపు కూర్చునే కెప్టెన్ నిన్న లైసెన్సు పొందినవాడు కాలేడు. కెప్టెన్ల కొరతను చూపి కుర్రవాళ్ల చేత కోట్లు కట్టించుకోవడం ఎలాంటిదంటే, ప్రధానోపాధ్యాయులు లేరని చెప్పి బి.ఎడ్. సీట్లు అమ్ముకోవడం వంటిది. 2022లో మన దేశంలో 1,165 కమర్షియల్ లైసెన్సులు ఇచ్చారు. 2023లో 1,622 ఇచ్చారు. లైసెన్సులకు లోటు లేదు.

వైద్యవిద్యకు కోటి పెట్టేవారిని ఏమీ అనరేమి అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. మంచి ప్రశ్న. వైద్యుడి పట్టా పెట్టెలో పెట్టినా పుచ్చిపోదు. ఆసుపత్రి తీసేస్తే ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకుని బల్ల వేసుకోగలడు. పైలట్ లైసెన్సు ఊరగాయ కాదు, పాల వంటిది. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఏడాదికొకసారి పునరుద్ధరించుకోవాలి, వైద్యపరీక్ష ఏటేటా, ఇటీవల ఎగిరినట్టు గంటలు చూపాలి. ఉద్యోగం లేనివాడికి ఇవన్నీ చేతినుండి డబ్బు పెట్టి చేయించుకోవలసినవే. లైసెన్సు పొంది మూడేళ్లు కాల్‌సెంటర్లలో పని చేసిన పిల్లలను ఎరుగుదును. వాళ్ల తెలివికి లోపం లేదు, వాళ్లు లైసెన్సు పొందిన ఏడాదికి లోపం.

పాత మార్గం పవిత్రమైనదని నేను అనడం లేదు. 2011లో దొంగ మార్కుల పట్టాలతోనూ, ఎగరని గంటలను ఎగిరినట్టు వ్రాయించుకున్న పుస్తకాలతోనూ లైసెన్సులు పొందిన పైలట్లు పట్టుబడి అరెస్టయ్యారు. క్లబ్బులలో విమానాలు మరమ్మతుకు పడి నెలలు గడుస్తాయి. ఇన్‌స్ట్రక్టరు మానేస్తే మరొకరు దొరకరు. 200 గంటలకు నాలుగేళ్లు పట్టినవారున్నారు. 2025లో డి.జి.సి.ఏ. తొలిసారిగా శిక్షణసంస్థలకు శ్రేణులు ప్రకటిస్తే అగ్రశ్రేణిలో ఒక్కటీ నిలువలేదు. కేడెట్ ప్రోగ్రాముల పక్షాన ఉన్న బలమైన వాదన ఇదే, ఆ బలాన్ని నేను తగ్గించను. శిక్షణ వేళకు పూర్తవుతుంది, పాఠం ఎయిర్‌లైన్ పద్ధతిలో ఉంటుంది. తండ్రి కోటీశ్వరుడైతే నిక్షేపంగా పంపవచ్చు. కాని క్లబ్బు కుంటుతున్నదని పొలం అమ్ముకోమనడం, సర్కారు బడిలో పంతులు రాలేదని పిల్లవాడిని కార్పొరేటు కాలేజీకి తోలడం వంటిది. ఈ కథ మనకు కొత్త కాదు.

ఒకనాడు ఈ భారం ఎవరు మోశారో గుర్తుచేయాలి. 1929లో జె.ఆర్.డి. టాటా దేశంలో మొదటి పైలట్ లైసెన్సు పొందిన కాలం నుండీ ఫ్లయింగ్ క్లబ్బులకు సర్కారు సొమ్ము ఆసరా ఉండేది. మన హైదరాబాదు సంస్థానానికి దక్కన్ ఎయిర్‌వేస్ అని సొంత ఎయిర్‌లైన్ ఉండేది. 1953 జాతీయీకరణలో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. ఆ ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల కేంద్రీయ శిక్షణాలయం హైదరాబాదులోనే నడిచింది. లైసెన్సు ఉన్న కుర్రవాడిని చేర్చుకుని పెద్ద విమానం నడపడం తన సిమ్యులేటర్లపై తానే నేర్పేది. పనివాడికి పనిముట్టు పట్టడం నేర్పే ఖర్చు యజమానిది అన్నది అప్పటి నీతి. ఇప్పుడు యజమాని ఆ ఖర్చును పనివాడి తండ్రి నెత్తిన పెట్టి, పైగా దానికి "అవకాశం" అని పేరు పెట్టాడు.

అమెరికాలో 2009 నాటి ఘోరప్రమాదం తరువాత కో-పైలట్‌కు సైతం మామూలుగా 1,500 గంటలు ఉండాలని 2013 నుండి నియమం పెట్టారు. అక్కడి కుర్రవాళ్లు ఆ గంటలను ఎక్కువగా ఇన్‌స్ట్రక్టర్లుగా పనిచేసి సంపాదిస్తారు. ఆ నియమం ఇక్కడికి తేవాలని నేననను. కాని పంతులుగా ఒక్కమాట అంటాను: తాను నేర్చినది మరొకడికి నేర్పేటప్పుడే మనిషికి తన విద్యలోని కన్నాలు కనబడతాయి. లైసెన్సు రాగానే ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ తీసుకుని, జీతం పుచ్చుకుంటూ గంటలు పెంచుకునే దారి మనకూ ఉన్నది. ప్రకటనలలో దానికి చోటు లేదు, ఎందుకంటే దానిలో అమ్మడానికి ఏమీ లేదు.

మరొక దురభిప్రాయం కూడా తొలగాలి. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు ఇది అందదట! అంతర్జాతీయ నిబంధన కోరేది నాలుగవ స్థాయి ఆంగ్లం. స్పష్టంగా విని, స్పష్టంగా పలికి, అనుకోనిది జరిగితే విడమరచి చెప్పగలగడం. షేక్స్‌పియర్ అక్కరలేదు. గురులఘువులు గుర్తుపట్టగల పిల్లవాడికి పరభాషలో ఊనికలు గుర్తుపట్టడం కష్టమా? వాడిని ఆపుతున్నది భాష కాదు, బ్యాంకు.

ఇక అడగవలసినవారిని అడుగుదాం. ఎయిర్ ఇండియా 2024లో మహారాష్ట్రలోని అమరావతిలో (మన అమరావతి కాదు) 34 విమానాలతో ఏటా 180 మందికి తర్ఫీదిచ్చే సొంత పాఠశాల పెడతామని ప్రకటించింది. సంతోషం. ఈ ప్రోగ్రాములు నడిపే ప్రతి ఎయిర్‌లైనూ మూడు సంఖ్యలు బయటపెట్టాలి: ఎంతమంది డబ్బు కట్టారు, వారిలో ఎంతమంది లైసెన్సు పొందారు, పొందినవారిలో ఎంతమంది ఎన్ని నెలలలోపల కుడివైపు సీటులో కూర్చున్నారు. మెడికల్ కాలేజీకి ఎన్ని పడకలున్నాయో చెప్పమని అడిగే దేశంలో ఈ మాత్రం అడగడం అత్యాశ కాదు. టైప్ రేటింగు ఖర్చు ఎయిర్‌లైనే భరించి, కావాలంటే అయిదేళ్ల బాండు వ్రాయించుకోవాలి. నియామకం వాయిదా పడినన్నాళ్లు అప్పు వడ్డీని లేఖ ఇచ్చినవాడే కట్టాలి. అప్పుడు ఆ లేఖలలోని షరతులు ఎన్ని మిగులుతాయో చూస్తాను. విమానయానశాఖ ఇప్పుడు తెలుగువాడి చేతిలోనే ఉన్నది. బేగంపేట అకాడమీకి పది కొత్త విమానాలూ, సర్కారు బడి పిల్లలకు ఏటా ఇరవై ఉచిత సీట్లూ ఇప్పించమని ఆయనకు ఉత్తరం వ్రాశాను, తెలుగులోనే. జవాబు వస్తే ఇక్కడే ప్రకటిస్తాను.