వసారి గారి సొంతిల్లు

పోయిన నెల ఆఫీసు పని మీద ఇటలీ వెళ్ళినప్పుడు ఒక శనివారం ఖాళీ దొరికింది. టీములో వాళ్ళంతా ఫ్లోరెన్సులో ఉఫీజీ మ్యూజియం క్యూలో నిలబడితే, నేను రైలెక్కి అరెజ్జో పోయాను. ఉఫీజీ భవనానికి ప్లాను గీసిన జార్జో వసారి సొంతూరు అది. మైకెలాంజిలో లాంటి కళాకారుల జీవితచరిత్రలు 1550లో అచ్చు వేయించింది కూడా ఈయనే. 1541లో, ముప్ఫయ్యేళ్ళ వయసులో, ఇంకా పని పూర్తికాని ఇల్లొకటి కొని గోడలూ కప్పులూ బొమ్మలతో నింపుకున్నాడు. 1911లో ప్రభుత్వం దాన్ని కొని మ్యూజియం చేసింది.

ఇల్లు చూసేముందు రోములో జరిగిన ఒక కథ తెలియాలి. 1546లో ఒక కార్డినల్ గారు తన హాలుకి అర్జంటుగా బొమ్మలు కావాలన్నారు. వసారి కుర్రాళ్ళని పెట్టి 100 రోజుల్లో డెలివరీ ఇచ్చేశాడు. గొప్పగా చెప్పుకుంటే, మైకెలాంజిలో "చూస్తేనే తెలుస్తోందిలే" అన్నాడని చెప్పుకుంటారు. మనం రోజూ వినే కోడ్ రివ్యూ కామెంటే! కానీ వసారి తన స్వీయచరిత్రలో తనే ఒప్పుకున్నాడు, వంద నెలలు పట్టినా సొంతచేత్తో చేసుంటే బాగుండేదని. రిలీజయ్యాక అలా రాసిన మేనేజర్ని నేనింతవరకూ చూళ్ళేదు.

ఆ తర్వాత రెండేళ్ళకి, 1548లో, ఈ ఇంట్లో పెద్దగది. చెక్క కప్పు నడిమధ్య సద్గుణం (వాళ్ళ లెక్కలో ప్రతిభ కూడా అందులోకే వస్తుంది), అసూయ, అదృష్టం, ముగ్గురూ ఆడవాళ్ళ రూపంలో కలబడుతుంటారు. గదిలో ఒకచోట నిలబడితే అదృష్టానిది పైచేయి, నాలుగడుగులు అవతలికేస్తే సద్గుణానిది. అప్రైజల్ మీటింగు గుర్తొచ్చి నవ్వాగలేదు. మెడ పైకెత్తి పావుగంట గుండ్రంగా తిరుగుతుంటే అక్కడి కాపలా ఆవిడ అనుమానంగా చూసింది.

వసారి మంచి రచయితే గానీ చిత్రకారుడిగా అంతంతమాత్రం అనేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేనొప్పుకోను. తొందరపెట్టే క్లయింటు లేనప్పుడు మనిషి ఏం చేస్తాడో చూసి కదా తూచాలి! (ఇంకో గదిలో మైకెలాంజిలో బొమ్మతో పాటు తన బొమ్మ కూడా పెట్టుకున్నాడు. అది కాస్త ఎక్కువే అనుకోండి.)

ఆరేళ్ళుగా నేను రాసిన కోడంతా ఎవరెవరి సర్వర్లలోనో ఉంది. "ఏం చేస్తున్నావురా?" అని నాన్న అడిగితే ఇదీ అని చూపించడానికి ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇంజనీరింగు ఆఖరి ఏడాదిలో, పద్యంలో గణాలు సరిపోయాయో లేదో చూసే చిన్న ప్రోగ్రాం ఒకటి మొదలెట్టి సగంలో వదిలేశాను. తిరుగు రైల్లో లాప్‌టాప్ తీసి దాన్ని తెరిచా. కంపైల్ కాలేదు. 43 ఎర్రర్లు. ఫ్లోరెన్సు వచ్చేసరికి 31కి దించాను.